మన కొరకు ఆగని ఆట



రేడియో నిలయములో పనిచేయువారికి గడియారముతో నుండు చుట్టరికము విచిత్రమైనది. వార్తలు ఏడు గంటలకన్నచో ఏడు గంటలకే. ఆ సమయమున వినువారి వంటయింటిలో పాలు పొంగవచ్చును, వీధి తలుపు ఎవరో తట్టవచ్చును. అంతమాత్రమున మా వార్తలు చదువువారు వాక్యము నడుమ ఆగి, "మీరు వెళ్లి రండి, మేము వేచియుందుము" అనుటకు వీలులేదు. పుస్తకము సంగతి అట్లు కాదు. చదువుచున్న పుటలో ఒక బస్సు టిక్కెట్టు గుర్తుగా పెట్టి మూసివేసి, పది దినముల తరువాత తెరచినను, కథానాయకుడు మెట్టుమీద ఎత్తిన కాలు ఎత్తినట్లే నిలిచియుండును.

ఒకటి మన కొరకు ఆగునది, మరియొకటి ఆగనిది. ఈ భేదము పాతదే. అయితే నేడు మన యిండ్లలో పిల్లలును, పిల్లలతోపాటు పెద్దలును టెలివిజను తెరమీద, సెల్‌ఫోను తెరమీద ఆడుచున్న వీడియో ఆటలకు ఈ భేదమే ప్రాణము వంటిదని చాలమంది గమనింపలేదు. ఆ ఆటలను గూర్చి మనము సాధారణముగా అడుగు ప్రశ్న ఒక్కటే: "ఎంతసేపటినుండి ఆడుతున్నావు?" అడుగదగిన ప్రశ్న మరియొకటి కలదు: "నీ ఆటలోని గడియారము ఎవరి చేతిలో ఉన్నది?" ఈ రెండవ ప్రశ్నను గూర్చి నేడు మాటలాడదలచితిమి.

ఎరిగిన ఆటలతో మొదలుపెట్టుదము. అరుగుమీద గళ్లు గీసి గవ్వలతో ఆడు అష్టాచెమ్మా కలదు, పులిజూదము కలదు, చదరంగము కలదు. వీనిలో ఒకరి తరువాత ఒకరికి వంతు వచ్చును. వంతు వచ్చినవాడు మీసము దువ్వుకొనుచు ఎంతసేపు ఆలోచించినను మేక తన గడి విడిచి కదలదు, పులి ఆకలియని గాండ్రింపదు. చదరంగపు పోటీలలో బల్లమీద గడియారము పెట్టవలసి వచ్చినది ఇట్టి ఆలోచనాపరులతో వేగలేకయే. ఇక చెడుగుడు చూడుడు. అక్కడను వంతు ఉన్నది గాని ఆ వంతునకు కొలత ఊపిరి. కూత పట్టి గీత దాటినవానికి లోకములో మిగిలియున్న కాలమంతయు తన రొమ్ములోని గాలియే. వాడు ఎవరిని తాకుదునా అని చూచుచుండగనే గాలి తరుగుచుండును, ఎదుటి పక్షమువారు చేతులు కలుపుకొని చుట్టుముట్టుచుందురు. ఆలోచన యేదైనను పరుగెత్తుచునే చేయవలెను. వీడియో ఆటలలో 'రియల్ టైమ్' అని వ్యవహరించు జాతి ఈ చెడుగుడు జాతి. తక్కినది అష్టాచెమ్మా జాతి.

కంప్యూటరు ఆటల పుట్టుకలోనే ఈ రెండు జాతులును కనబడుచున్నవి. 1952లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున డగ్లస్ అను పరిశోధకుడు, గదినంతయు ఆక్రమించిన ఎడ్‌సాక్ అను గణన యంత్రముచేత సున్నాలు, ఇంటూ గుర్తులు పెట్టు ఆట ఆడించెను. మనిషి తన గుర్తు పెట్టువరకు ఆ మహాయంత్రము ఓపికగా కూర్చుండెడిది. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనాలయమున విలియం హిగిన్‌బోతమ్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు, చూడవచ్చిన ప్రజల వినోదార్థము ఒక చిన్న గుండ్రని తెరమీద టెన్నిసు ఆటను అమర్చెను. అందులో బంతి అనబడు వెలుగుచుక్క వల దాటి వచ్చుచుండును. మీట సకాలమున నొక్కినచో సరి, లేనిచో లేదు. మొదటి యంత్రము మనిషి కొరకు వేచినది. రెండవదానిలోని బంతి వేచియుండలేదు.

బంతి వేచియుండకపోవుటలో వింత లేదు, నిజమైన బంతియు అంతే. కథ వేచియుండకపోవుటలో వింత కలదు. మా మాట అంతయు దానిని గూర్చియే.

కథ చెప్పు ఆటలు మొదట అక్షరములతో నడచెడివి. 'నీవు గుహ ద్వారమున నున్నావు' అని తెరమీద పడును. ఆడువాడు 'ఉత్తరమునకు పొమ్ము' అని టైపు చేయును. అప్పుడు ఒక అడుగు కథ కదలును. ఆడువాడు భోజనమునకు పోయినచో గుహయు, గుహలోని రాక్షసుడును, దీపములోని చమురుతో సహా, అన్నియు రాతిబొమ్మలై యుండును. 1982లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున బీమ్ సాఫ్ట్‌వేర్ అను సంస్థ ఈ మర్యాదను మీరినది. అక్కడి విశ్వవిద్యాలయములో చదువుచుండిన వెరోనికా మెగ్లర్, ఆమెతో పనిచేసిన ఫిలిప్ మిచెల్ కలసి టోల్కీన్ నవల 'ద హాబిట్'ను ఆటగా కూర్చిరి. అందులో ఆడువాడు ఏమియు టైపు చేయక ఊరకున్నచో, కొంతసేపటికి కాలము గడచినదని తెరమీద వ్రాత పడును. తోడు వచ్చిన థోరిన్ అను మరుగుజ్జు దొర చతికిలబడి బంగారమును గూర్చి పాట యెత్తుకొనును. మన కంటబడని చోట్ల పాత్రలు తమ దారిన తాము తిరుగుచుండును. ఒక్కొక్కసారి తమలో తాము పోట్లాడుకొని చచ్చుటయు కలదు. తనకు ముందుముందు అక్కరపడు మనిషి ఎక్కడనో అప్పుడే పడిపోయియున్నాడని ఆడువానికి ఎంతయో ఆలస్యముగా తెలియును. ఆనాటి బాలురకు ఆ పాట విసుగు పుట్టించి హాస్యమునకు గురియైనది. మాకు మాత్రము అది ఒక గొప్ప ఘట్టముగా తోచుచున్నది. ఆటలోని బొమ్మ ఒకటి ఆడువాని ఆజ్ఞకు ఎదురుచూడక తన ఇచ్చవచ్చినట్లు పాడుకొన్నది.

ఈ పోకడను పట్టుకొని దానిని ఒక మంచి నవలకు సమీపముగా తీసికొనిపోయినవాడు జోర్డన్ మెక్నర్ అను అమెరికా రచయిత. ఆయన పేరు తెలియనివారికిని ఆయన 1989లో చేసిన 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' తెలిసియుండవచ్చును. మన యూళ్ల కంప్యూటరు శిక్షణ కేంద్రములలో పాఠము ముగిసిన పిమ్మట దొంగచాటుగా దానిని ఆడిన తరము ఇప్పుడు నడివయసునకు వచ్చినది. తన తమ్ముడు డేవిడ్‌ను పరుగెత్తించి, దుమికించి, ఆ చిత్రములనుబట్టి మెక్నర్ రాకుమారుని నడక గీసెను. ఆ రాకుమారునకు చెర తప్పించుకొని రాకుమారిని చేరుటకు గడువు 60 నిమిషములు. అవి మన గోడ గడియారపు నిమిషములే. గోతిలో పడి చచ్చినవాడు మరల లేచును గాని, గడచిన నిమిషము లేవదు.

తరువాత మెక్నర్ శాన్ ఫ్రాన్సిస్కోలో స్మోకింగ్ కార్ ప్రొడక్షన్స్ అను సంస్థ నెలకొల్పి, టోమీ పియర్స్ అను రచయిత్రితో కలసి కథ వ్రాసి, 1997లో 'ద లాస్ట్ ఎక్స్‌ప్రెస్' అను ఆటను వెలువరించెను. కథ 1914 జూలై 24 సాయంకాలము పారిస్‌లో మొదలై, ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలులో కాన్‌స్టాంటినోపిల్ వైపు సాగును. ఆ తేదీ వినగనే చరిత్ర చదివిన శ్రోతలు ఉలికిపడి యుందురు. జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగినది. జూలై 23 సాయంకాలము ఆరు గంటలకు ఆస్ట్రియా-హంగరీ ప్రభుత్వము సెర్బియాకు 48 గంటల గడువుతో హెచ్చరిక పత్రము అందజేసినది. మన రైలు కదలునప్పటికి ఆ గడువులో సగము గడచిపోయినది. జూలై 28న యుద్ధము ప్రకటింపబడినది. కాన్‌స్టాంటినోపిల్ రైలును ఆ యుద్ధముతోనే నిలిచిపోయినది. రైలులోనివారెవరికిని ఈ సంగతి తెలియదు. ఆడుచున్న మనకు తెలియును.

రాబర్ట్ కాథ్ అను యువ వైద్యుడు కదలుచున్న రైలును మోటారు సైకిలుమీద వెంబడించి, ఎగిరి లోనికి చేరును. తన్ను రమ్మని పిలిచిన మిత్రుని గదికి పోయి చూచునప్పటికి మిత్రుడు శవమై పడియుండును. అక్కడనుండి ఆటలోని గడియారము మన గడియారముకంటె ఆరు రెట్లు వేగముగా నడచును. వేగము ఎక్కువ యైనను నడక నిజమైనదే, నడుమ ఆగదు. శవమును ఏమి చేయవలెనో కండక్టరు తలుపు తట్టుటకు ముందే తేల్చుకొనవలెను. మనము తేల్చుకొనుచుండగా కండక్టరు తన వేళకు తాను వచ్చును.

రైలులో దాదాపు 30 మంది పాత్రలు కలరు. జర్మను ఆయుధ వ్యాపారి ఒకడు, రష్యను వృద్ధ ప్రభువు, ఆయన మనుమరాలు, ఆ మనుమరాలిని చిన్ననాటినుండి ఎరిగిన ఒక విప్లవవాది, వయొలిన్ విద్వాంసురాలైన ఆనా వుల్ఫ్, ఆమె కుక్క, సెర్బియా యువకుల గుంపు, కారిడారులో పరుగులు పెట్టు ఒక ఫ్రెంచి బాలుడు. వీరందరికిని ఎవరి దినచర్య వారికి కలదు. ఒకరు భోజనశాలకు పోవు వేళలో మరియొకరు తమ గదిలో ఉత్తరము దాచుచుందురు. ఎవరి భాష వారు మాటలాడుదురు. కాథ్‌కు తెలిసిన భాషలకు మాత్రమే తెరమీద తర్జుమా పడును. తెలియని భాషలో జరుగు మంతనము మనకును అయోమయమే. మేము ఆ భోజనశాలలో ఒక మూల బల్లవద్ద కూర్చుండి చాలసేపు ఊరక వినుచుంటిమి. ఎదుటి బల్లవద్ద ఇద్దరు స్త్రీల సంభాషణ, వెనుక బల్లవద్ద వ్యాపారి బేరము, చెంచాల చప్పుడు, క్రింద చక్రముల చప్పుడు. మా పని వినుట, వినిపించుట గనుక మాకు అది ఒక రేడియో నాటకములో నడిమధ్య కుర్చీ వేసికొని కూర్చున్నట్లుండెను. అదే సమయమున శయన పెట్టెలో మరియొక సంభాషణ జరుగుచున్నదని తెలియును. అది ఇంకెవరికొరకో మరల జరుగదు. ఇది వినవలెనన్న అది వదలుకొనవలెను.

ఈ ఆటలో మా మనసున నిలిచిపోయిన ఘట్టము కచేరీ. క్రోనస్ అను ధనికుడు రైలు చివర తన సొంత పెట్టెలో సంగీత సభ ఏర్పాటు చేయును. ఆయన పియానో, ఆనా వుల్ఫ్ వయొలిన్. వాయించునది సెజార్ ఫ్రాంక్ 1886లో కూర్చిన వయొలిన్ సొనాటా. రైలులోని పెద్దలందరును అక్కడ చేరియుందురు; అందుచేత వారి గదులు ఖాళీగా నుండును. కాథ్ చేయవలసిన పని ఆ ఖాళీ గదులలో కలదు. సంగీతము వినదలచినవాడు కూర్చుండి మొదటినుండి చివరవరకు వినవచ్చును, ఎవరును లేపరు; ఆట మాత్రము చేజారును. లేచిపోయినవాని వెనుక సంగీతము సాగుచునే యుండును. రేడియోలో కచేరీ వినుచు నడుమ కాఫీ కలుపుకొనుటకు లేచినవారికి ఈ అనుభవము కొత్త కాదు. పల్లవి యెత్తుకొన్నపుడు లేచి తనియావర్తనమునకు తిరిగి వచ్చినచో, మధ్య భాగము పోయినట్లే. పోయినదని తెలియుటవలననే వినిన భాగమునకు విలువ హెచ్చును.

అయితే ఆ ఆట మరీ కఠినముగా లేదు. తప్పుదారి పట్టినవాడు ఒక గడియారపు ముల్లును వెనుకకు త్రిప్పి, దాటివచ్చిన స్టేషనుకు మరల పోవచ్చును. ముల్లు త్రిప్పినను లోకము మారదు; అందరును తమ తమ పనులను అట్లే మొదలుపెట్టుదురు. మారునది మనము నిలబడు చోటు ఒక్కటే. మొదటిసారి భోజనశాలలో నున్నవాడు రెండవసారి కారిడారులో నుండును, మూడవసారి కిటికీ వెలుపల వ్రేలాడుచుండును.

ఇంతటి ఆట వ్యాపారములో నష్టపోయినది. ఏథెన్స్‌లో దొరికిన ఆ కాలపు శయన పెట్టె ఒకదానిని చూచి వచ్చి కొలతలు కట్టిరి; నటులను నీలి తెరముందు నిలిపి, వారి చిత్రములను ఆ కాలపు గోడ ప్రకటనల తీరున తిరిగి గీసిరి. ఏండ్లు పట్టినది, లక్షల డాలర్లు వెచ్చమైనవి. ప్రచారము చేయువారు లేక అంగళ్లలో అది నిలువలేదు. 2012లో సెల్‌ఫోనులలోనికి వచ్చిన పిమ్మట మరల కొందరు దానిని వెదకి ఆడుచున్నారు.

ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌లో ఆరు గంటలు మనకు ఒక గంటలో గడచును. జపానువారు మరియొక అడుగు వేసి, ఆట గడియారమును మన గడియారముతో సరిగా కలిపివేసిరి. 2001 ఏప్రిల్ 14న నింటెండో సంస్థ 'దోబుత్సు నో మోరి' అను ఆటను విడుదల చేసినది; జంతువుల అడవి అని దానికర్థము. తక్కిన దేశములలో దానినే 'యానిమల్ క్రాసింగ్' అనిరి. ఆట నింపిన బిళ్లలోనే చిన్న గడియారము, దానికొక బ్యాటరీ అమర్చిరి. మన యింట రాత్రి తొమ్మిదైనచో ఆ యూరిలోను తొమ్మిదే; అంగడి మూసియుండును, ఇరుగుపొరుగువారు నిద్రించుచుందురు. యంత్రము కట్టివేసినను అక్కడ తెల్లవారును.

దీనిని తలపెట్టిన కట్సుయా ఎగుచి ఉద్యోగము నిమిత్తము చిబా నుండి క్యోటోకు వచ్చి, కుటుంబమునకు, మిత్రులకు దూరమైన ఒంటరితనము ఎట్టిదో ఎరిగినవాడు. తరువాత తన కుటుంబమే యేర్పడినపుడు రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరెడివాడు. తాము ఆడునదియు, ఇంటివారు ఆడునదియు కలియుట లేదని ఆయనకు తోచినది. అందుచేత ఈ ఆటలో ఒకే యూరిలో నలుగురు ఇండ్లు కట్టుకొనవచ్చును గాని, నలుగురును ఒక్కసారి ఆడనక్కరలేదు. బడినుండి వచ్చిన పిల్ల సాయంకాలము మొక్క నాటి, తండ్రి పేర ఒక ఉత్తరము పెట్టి పోవును. తండ్రి రాత్రి పదకొండు గంటలకు ఆ ఉత్తరము చదివి, ఒక చిన్న బహుమానము పెట్టి పడుకొనును. ఉత్తర ప్రత్యుత్తరములలో బ్రతికిన మన పెద్దల కాలపు సంసారములు గుర్తునకు వచ్చుచున్నవి కదా. ఆటలు ఇంటిలోని మనుషులను వేరు చేయుననువారు ఈ ఒక్క ఆటనైనను చూడవలెనని మా మనవి.

నెల దినములు ఆ యూరికి పోనిచో కలుపు మొక్కలు మొలచియుండును. ఇరుగుపొరుగువారు ఇన్ని దినములు ఎక్కడికి పోతివని అడుగుదురు. ఒకరిద్దరు ఊరు విడిచిపోయియుందురు. శనివారము సాయంకాలము ఒక కుక్కగారు గిటారు వాయించి పాడుదురు. 1952లో ఆరంభమైన ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమమునకు శనివారము రాత్రులు చెవి యొగ్గిన ఇండ్లవారికి ఈ ఏర్పాటులోని తీపి వేరుగా చెప్పనక్కరలేదు. ఏ దినమైనను దొరకునది ఆ దినము కొరకు ఎదురుచూడనీయదు.

టర్నిప్ దుంపల వ్యాపారము ఒకటి కలదు. ఆదివారము ఉదయము కొనవలెను; వారములో ధర పూటపూటకు మారును; మరుసటి ఆదివారములోపల అమ్మనిచో దుంపలు కుళ్లిపోవును. జపాను భాషలో 'కాబు' అను మాటకు టర్నిప్ దుంప యనియు, కంపెనీ షేరు అనియు రెండర్థములు కలవట. చమత్కారము అందులో నున్నది. యంత్రపు గడియారమును ముందుకు త్రిప్పి రేపటి పండ్లను నేడే కోయు చురుకైన బాలురు అన్ని దేశములలోను కలరు. గడియారము వెనుకకు త్రిప్పిన వ్యాపారికి మాత్రము దుంపలు కుళ్లి చేతికి వచ్చును.

ఈ వరుసలో 'న్యూ హొరైజన్స్' అను ఆట 2020 మార్చి 20న వెలువడినది. మన దేశమున లాక్‌డౌన్ మొదలగుటకు ఐదు దినములు ముందు. లోకమంతయు తలుపులు మూసికొన్న ఆ నెలలలో, బయట తేదీలన్నియు ఒక్కతీరుగా నున్నపుడు, ఆ దీవిలో మాత్రము ఉదయమునకు సాయంకాలమునకు తేడా యుండెను. చేపలు వేళనుబట్టి పడెడివి, చెర్రీ పూలు వాని ఋతువులో పూసెడివి. పుట్టిన దినములు, పట్టభద్రోత్సవములు, పెండ్లి వేడుకలు అక్కడ జరుపుకొన్నవారు అనేకులు. ఆ ఆట తరువాతి సంవత్సరములలో 4 కోట్లకు పైగా అమ్ముడుపోయినది.

గడియారము మంచి చేతిలోనే ఉండునని చెప్పజాలము. 2009లో ఫేస్‌బుక్‌లో 'ఫార్మ్‌విల్' అను సేద్యపు ఆట వచ్చినది. అందులోను పంట మన గంటలనుబట్టియే పండును. సకాలమున కోయనిచో వాడిపోవును. అయితే వాడిన పంటను రూకలిచ్చి బ్రతికించుకొను సదుపాయము అంగడివారే పెట్టిరి. యానిమల్ క్రాసింగ్‌లో కలుపు మొలచినచో పది నిమిషములలో పెరికివేసి నవ్వుకొందుము. ఇక్కడ వాడిన పంటను చూపి మనలో గుబులు పుట్టించి, ఆ గుబులును అమ్మకము చేసిరి. ఆ ఆటను 2020 డిసెంబరు 31తో మూసివేసిరి గాని, ఆ కిటుకు మూతపడలేదు. నేడు సెల్‌ఫోను ఆటలలో 'ఇంకను మూడు గంటలు వేచియుండుము, లేదా ఇంత చెల్లింపుము' అని కనబడుచున్నది అదియే. ఎదురుచూపునకు వెలకట్టి అమ్మునది, ఎంత అందమైన బొమ్మలతో వచ్చినను, వడ్డీ వ్యాపారమని మా అభిప్రాయము. పిల్లల చేతికి ఫోను ఇచ్చు తలిదండ్రులు ఆట బొమ్మలు ఎట్లున్నవో చూచుటకంటె ఆ గడియారము ఎవరి కొరకు నడచుచున్నదో చూచుట మేలు.

ఇక భోజనము వేళ సంగతి. దీనిని దాటి పోయినచో ఈ ప్రసంగము మన యిండ్లకు చెందినది కాజాలదు.

"రా నాన్నా, అన్నం చల్లారిపోతున్నది" అని తల్లి పిలుచును. "ఒక్క పది నిమిషాలమ్మా, ఇప్పుడు ఆపడానికి లేదు" అని లోపలి గదినుండి బదులు వచ్చును. ఇది మొండితనమని తల్లి తలచును. తన మాట అమ్మ నమ్మదని కుమారుడు తలచును. ఇక్కడ ఇద్దరిలో ఎవరిది న్యాయమో ఆటను బట్టి చెప్పవలెను. వాడు ఆడుచున్నది ప్రిన్స్ ఆఫ్ పర్షియా వంటిదైనచో, గడియారము ఎంత కఠినమైనదైనను, ఆటను నిలిపివేయు మీట ఒకటి కలదు, లేచి రావలసినదే. పబ్జీ వంటిదైనచో సంగతి వేరు. ఆ పేరు వినని ఇల్లు మన వైపు అరుదు. 2020లో మన దేశమున దానిని నిషేధించిరి, 2021లో వేరొక పేరుతో అది మరల వచ్చినది. అందులో 100 మంది వరకు ఒక్కసారి దిగుదురు. నిర్ణీత కాలమునకు ఒక వలయము చిన్నదగుచు వచ్చి, అందరిని ఒక చోటికి తరుముచుండును. ఆట రమారమి అరగంట. నిలిపివేయు మీట అందులో లేదు, ఉండుటకు వీలును లేదు. అవతల ఏ విజయవాడలోనో, ఏ నాందేడులోనో మరియొక ముగ్గురు వీనిని నమ్ముకొని యుందురు. నడుమ లేచివచ్చినవాడు చెడుగుడులో కూత నడుమ ఇంటికి పోయిన వానితో సమానము.

కావున ఆ తల్లికి మేము చెప్పదగిన మాట ఇది. వాడు ఆడు ఆట ఏ జాతిదో ముందుగా అడిగి తెలిసికొనుడు. అష్టాచెమ్మా జాతిదైనచో పిలిచిన వెంటనే రమ్మనుటలో అన్యాయము లేదు. చెడుగుడు జాతిదైనచో, ఆపుమని నడుమ కేకవేయుటకంటె, మొదలుపెట్టుటకు ముందే "ఎనిమిదింటికి వడ్డిస్తాను, ఆలోపల ముగియునదైతేనే దిగు" అని చెప్పుట యుక్తము. కదలిన రైలునుండి దుముకుమనరాదు గాని, ఏ రైలు ఎక్కవలెనో చెప్పు అధికారము పెద్దలది. చైనా దేశమున ప్రభుత్వమే ఆ అధికారము తీసికొని, 2021లో 18 ఏండ్లలోపు పిల్లలు ఇంటర్నెట్ ఆటలు శుక్ర, శని, ఆదివారములలోను, సెలవు దినములలోను రాత్రి 8 నుండి 9 వరకు మాత్రమే ఆడవలెనని నియమము చేసినది. వంటయింటినుండి తల్లి చేయవలసిన పనికి రాజధానినుండి ఆజ్ఞ వచ్చుట మాకు అంతగా రుచింపలేదు.

ముగించుటకు ముందు ఒక వింత ఆటను పరిచయము చేయుదుము. 2020 మార్చిలో జర్మనీనుండి స్టూడియో జోయ్‌ఫ్స్ అను చిన్న సంస్థ 'ద లాంగింగ్' అను ఆటను వెలువరించినది. భూగర్భ గుహలో ఒక రాతి రాజు నిద్రకు ఉపక్రమించుచు, తన సేవకుడైన ఒక నల్లని చిన్న నీడను పిలిచి, 400 దినముల తరువాత తన్ను లేపుమని ఆజ్ఞాపించును. జర్మనీలో కిఫ్‌హాయిజర్ కొండ క్రింద బార్బరోసా చక్రవర్తి నిద్రించుచున్నాడను పాత కథ దీనికి మూలము. ఆ 400 దినములును మన దినములే. యంత్రము కట్టివేసి పోయినను లెక్క నడచుచునే యుండును. చేయవలసిన పని యేమియు లేదు. ఆ నీడ మెల్లగా నడచును. ఒక తలుపు తెరచుకొనుటకు రెండు గంటలు పట్టును. పైనుండి బొట్టుబొట్టుగా కారు నీరు ఒక గోతిని నింపుటకు వారములు పట్టును. నీడకు ఒక చిన్న గది కలదు. అక్కడ కూర్చుండి పుస్తకములు చదువుకొనవచ్చును. పాత నవలలు పూర్తి పాఠముతో నిజముగానే అందులో చేర్చియున్నారు. బొమ్మలు గీసి గోడకు తగిలించుకొనవచ్చును. గదిని అందముగా నమర్చుకొని, తనకు నచ్చిన పనిలో మునిగియున్నపుడు మాత్రము గడియారము కొంత వేగముగా నడచును.

రాజును లేపి తీరవలెనని నిర్బంధము లేదు. ఆజ్ఞ మీరి, గుహనుండి పైకి పోవు దారి వెదకుకొనవచ్చును. ఆ దారియు చాల పొడుగు, ఆ నీడ నడక మెల్లనిది. ఈ ప్రసంగము వినుచున్నవారిలో ఎవరైనను నేటి రాత్రి ఆ ఆట మొదలుపెట్టి, ఊరక కట్టివేసి తమ పనులు తాము చూచుకొన్నచో, రాజు మేల్కొను వేళ వచ్చే సంవత్సరము ఇదే తేదీ దాటిన 35వ దినమున వచ్చును.